అందరూ కలిసి తింటే?

రాత్రి ఎనిమిది గంటలు. తుర్కయాంజాల్ దగ్గర సాగర్ రోడ్డు మీద బస్సులు, మోటారు సైకిళ్లు, లారీలు ఇంకా బారులు తీరే ఉంటాయి. హైదరాబాదులో పని ముగించుకొని ఇబ్రహీంపట్నం వైపు ఇళ్లకు చేరుకునేవారి రద్దీ అది. ఆ సమయానికి రోడ్డుకు రెండు పక్కలా ఉన్న ఇళ్లలో పిల్లలు అన్నం తింటూ ఉంటారు. కొందరు అమ్మతో, కొందరు నాయనమ్మతో, కొందరు టీవీతో, కొందరు సెల్‌ఫోనుతో. నాన్న ఇంకా రోడ్డు మీదే ఉంటాడు.

ఒక్క నిమిషం ఈ పత్రిక పక్కన పెట్టి ఆలోచించండి. నిన్న రాత్రి మీరు ఎవరితో కలిసి అన్నం తిన్నారు? ఏం మాట్లాడుకున్నారు? తింటున్నంతసేపూ మీకు ఎలా అనిపించింది? ఏం తిన్నారని నేను అడగడం లేదు. అది ఆహార పోషకాల పాఠంలో ఎలాగూ అడుగుతాం.

తరగతిలో ఈ ప్రశ్న వేస్తే రకరకాల జవాబులు వస్తాయి. "ఆదివారం అందరం ఒక్కసారే కూసుంటం సార్, ఆ రోజు కూర జల్ది అయిపోతది" అంటాడొకడు. "నాయిన వచ్చేసరికి నాకు నిద్ర వస్తది సార్" అంటుంది ఒక అమ్మాయి. వెనక బెంచీ నుంచి ఇంకొక గొంతు వినిపిస్తుంది: "అందరితోని కూసుంటే మార్కులు అడుగుతరు సార్. అందుకే నేను ముందే తినేస్త." తరగతి అంతా గొల్లున నవ్వుతుంది. నవ్వినవారిలో ఆ పని చేసేవారు ఎందరో నాకు తెలుసు.

ఈ జవాబుల్లో మంచి విజ్ఞాన శాస్త్రం దాగి ఉంది. వెనక బెంచీ విద్యార్థి మాటతోనే మొదలు పెడదాం. అన్నం దగ్గర మార్కుల ప్రసక్తి వస్తే ముద్ద దిగదని అతని అనుభవం. నిజంగానే దిగదా? కడుపుకు మాటలు వినిపిస్తాయా?

కడుపుకు ఒక కిటికీ

ఈ ప్రశ్నకు మొదటి సమాధానం ఒక తుపాకీ ప్రమాదం వల్ల దొరికింది. 1822 జూన్‌లో అమెరికాలోని మాకినా అనే దీవిలో, జంతువుల ఉన్నిచర్మాలు కొనే ఒక దుకాణంలో పొరపాటున తుపాకీ పేలింది. అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కెనడా యువకుడి పొట్టకు ఎడమ పక్కన పెద్ద గాయమైంది. సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్ చికిత్స చేశాడు. యువకుడు బతకడనే అనుకున్నారు. కాని బతికాడు. గాయం మానింది, అయితే వింతగా మానింది. జీర్ణాశయం గోడ, పొట్ట చర్మం ఒకదానికొకటి అతుక్కుపోయి, మధ్యలో రంధ్రం మిగిలిపోయింది. ఆ రంధ్రంలోంచి చూస్తే జీర్ణాశయం లోపలి భాగం కనిపించేది!

బ్యూమాంట్ ఈ అవకాశాన్ని వదల్లేదు. మాంసం ముక్కనో, రొట్టె ముక్కనో పట్టుదారానికి కట్టి రంధ్రంలోంచి లోపలికి దింపేవాడు. గంట తరువాత పైకి లాగి ఎంత జీర్ణమైందో చూసేవాడు. ఇలా కొన్నేళ్లపాటు ప్రయోగాలు చేసి 1833లో ఒక గ్రంథం ప్రచురించాడు. జీర్ణాశయంలో ఆమ్లం ఉంటుందని, ఆహారం రసాయనికంగా కరుగుతుందని మనకు బాగా తెలియడానికి ఆ గ్రంథం ఎంతో తోడ్పడింది. అందులో మనకు కావలసిన సంగతి మరొకటి ఉంది. సెయింట్ మార్టిన్‌కు కోపం వచ్చిన రోజున జీర్ణక్రియ తేడాగా నడిచేది. లోపలి పొర రూపు మారేది. ఆహారం కరగడం ఆలస్యమయ్యేది.

కోపం ఎందుకు వచ్చేదంటారా? రోజూ ఎవరో మీ పొట్టలోకి దారం దింపి పైకి లాగుతూ ఉంటే మీకు రాదా? ఆ యువకుడు చదువురానివాడు, పేదవాడు. ఒప్పందం కాగితాలతో అతణ్ణి కట్టిపడేసి చేసిన ప్రయోగాలు అవి. ఈనాడైతే అలా చేయనివ్వరు. ఒక విషయం మాత్రం చెప్పాలి. ఆ రంధ్రంతోనే అతడు 1880 దాకా జీవించాడు. డాక్టరుగారు అంతకు చాలా ముందే పోయారు.

తరువాత రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ రంగంలోకి వచ్చాడు. గంట మోగితే కుక్క నోట్లో నీరూరడం గురించి మీరు చదివే ఉంటారు. కాని ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది అందుకు కాదు, జీర్ణక్రియపై చేసిన పరిశోధనలకు. ఆయన ఒక కుక్కకు శస్త్రచికిత్స చేసి, మింగిన ఆహారం జీర్ణాశయానికి చేరకుండా మెడ దగ్గరే బయటికి వచ్చేటట్లు చేశాడు. కుక్క ఆవురావురుమని తింటుంది, కడుపులోకి మెతుకు కూడా పోదు. అయినా కడుపులో జఠర రసం ఊరుతూనే ఉంది! మెదడు నుంచి కడుపుకు వచ్చే వేగస్ నాడులను కత్తిరిస్తే ఆ ఊట ఆగిపోయింది. అంటే ఆహారం కడుపును తాకడానికి ముందే, రుచీ వాసనా తెలిసిన మెదడు "వస్తోంది, సిద్ధంగా ఉండు" అని కడుపుకు కబురు పంపుతుందన్న మాట. పావ్లోవ్ దీనికి "ఆకలి రసం" అని పేరు పెట్టాడు. పొయ్యి మీద పచ్చిపులుసుకు పోపు పెడుతూ ఉంటే మీ నోట్లో ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. ఆ సమయంలో కడుపులోనూ అలాంటిదే జరుగుతుంది. మనం చూడలేం, అంతే.

ఇక మూడో ఆయన పేరు వాల్టర్ కానన్. 1895 చివరలో రాంట్జెన్ ఎక్స్ కిరణాలను కనిపెట్టాడు. మరుసటి ఏడాదే అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో ఇంకా విద్యార్థిగా ఉన్న కానన్ వాటితో జంతువుల జీర్ణమండలాన్ని చూడటం మొదలుపెట్టాడు. పిల్లులకు బిస్మత్ లవణం కలిపిన ఆహారం పెట్టేవాడు. బిస్మత్ ఎక్స్ కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టి తెర మీద జీర్ణాశయం నీడ కనిపిస్తుంది. అది అలలు అలలుగా ముడుచుకుంటూ ఆహారాన్ని చిలకడం ఆయన కళ్లారా చూశాడు. కొన్ని పిల్లుల్లో మాత్రం ఆ అలలు ఉన్నట్టుండి ఆగిపోయేవి. యంత్రంలో లోపమా? కాదు. కట్టి ఉంచినందుకు గింజుకుంటున్న పిల్లి, కోపంతో ఉన్న పిల్లి. దాన్ని నిమిరి శాంతపరిస్తే కాసేపటికి అలలు మళ్లీ మొదలయ్యేవి.

ఇక్కడి నుంచే కానన్ గొప్ప ఆలోచనకు దారి దొరికింది. ప్రమాదం వచ్చినప్పుడు జంతువు పోరాడాలి, లేదా పారిపోవాలి. ఆ సమయంలో రక్తం కాళ్లకు, చేతులకు, గుండెకు కావాలి. అన్నం అరిగించుకుంటూ కూర్చుంటే కుదరదు. అందుకని సహానుభూత నాడీవ్యవస్థ జీర్ణక్రియకు కళ్లెం వేస్తుంది. ఊపిరితిత్తుల పని, గుండె వేగం పెరుగుతాయి. లాలాజలం పలచగా ఊరడం తగ్గి, నోరు ఎండుతుంది. ప్రమాదం తప్పిపోయాక వేగస్ నాడి మళ్లీ పగ్గాలు తీసుకుంటుంది.

చిక్కు ఎక్కడంటే, ఈ ఏర్పాటుకు పులికీ ప్రోగ్రెసు కార్డుకూ తేడా తెలియదు. "లెక్కల్లో ఎన్ని వచ్చాయిరా?" అన్న మాట వినగానే గుండె దడదడలాడితే, కడుపు సంగతి పిల్లి కడుపులాగే అవుతుంది. నోరు ఎండుతుంది. ముద్ద గొంతులో అడ్డం పడ్డట్టు ఉంటుంది. పూర్వం మన దేశంలో నేరం మోపబడినవాడి చేత బియ్యం నమిలించే పరీక్ష ఒకటి ఉండేది. ఉమ్మి తడి లేకుండా పొడిపొడిగా వస్తే దోషి అనేవారు. భయపడితే నోరు ఎండుతుందన్న పరిశీలన సరైనదే. తీర్పు మాత్రం ఘోరం. నిర్దోషికి భయం వేయదా?

కాబట్టి వెనక బెంచీ విద్యార్థి చెప్పింది నిజమే. అతడు పెంకితనంతో ముందుగా తినడం లేదు. అన్నం దగ్గర తగాదా వస్తుందని తెలిసిన శరీరం, ఆ తగాదా లేని సమయాన్ని వెతుక్కుంటోంది. తల్లిదండ్రుల వైపు నుంచీ చూడాలి, అనుకోండి. పగలంతా కనబడని బిడ్డ కనబడేది ఆ ఒక్క వేళలోనే. అడగవలసినవన్నీ అప్పుడే గుర్తుకు వస్తాయి. అదే ప్రశ్న అన్నాలయ్యాక, చేతులు కడుక్కున్నాక కూడా అడగవచ్చు. మార్కులు అరగంటలో మారిపోవు కదా!

కోడి చెప్పిన పాఠం

ఆదివారం కూర త్వరగా అయిపోతుందన్న మొదటి జవాబుకు వద్దాం. మీ ఇంట్లోనో పక్కింట్లోనో కోళ్లు ఉంటే ఈ ప్రయోగం మీరే చేయవచ్చు. ఒక కోడికి గింజలు వేస్తూ పోండి. అది కడుపు నిండి, ఇక చాలని పక్కకు తిరుగుతుంది. అప్పుడు ఆకలితో ఉన్న మరో కోడిని ఆ గింజల దగ్గరకు వదలండి. అది టకటకా పొడుచుకు తినడం చూసి, కడుపు నిండిన కోడి మళ్లీ వచ్చి తినడం మొదలుపెడుతుంది! జర్మనీలో బేయర్ అనే పరిశోధకుడు 1929లోనే దీన్ని నమోదు చేశాడు.

మనుషుల్లోనూ ఇంతే. అమెరికాలో జాన్ డి కాస్ట్రో అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1980ల నుంచి ఎందరి చేతనో భోజనాల డైరీలు రాయించాడు. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, పక్కన ఎవరున్నారు, ఎంతసేపు కూర్చున్నారు అన్నీ అందులో ఉంటాయి. ఒంటరిగా తిన్నప్పటి కంటె నలుగురితో కలిసి తిన్నప్పుడు భోజనం సగటున 44 శాతం పెద్దదిగా ఉందని ఒక లెక్కలో తేలింది. వేగంగా తినడం వల్ల కాదు, ఎక్కువసేపు కూర్చోవడం వల్ల. పెళ్లిలో బంతిలో కూర్చుని తినేటప్పుడు ఇది మీ అనుభవంలోకి వచ్చే ఉంటుంది. పక్కవారి విస్తరి కాళీ కాకుండా లేవలేం, ఈలోగా వడ్డించేవారు మరోసారి వస్తారు.

అయితే ఎక్కువ తినడమే మంచిదా? సన్నగా, సరిగా తినని పిల్లలకు మంచిదే. అందరికీ కాదు. ఇక్కడ టీవీ, ఫోను సంగతి కూడా చెప్పుకోవాలి. కడుపు నిండిందన్న కబురు మెదడుకు పూర్తిగా అందడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. బొమ్మలు చూస్తూ తినేవారు ఆ కబురును సరిగా పట్టించుకోరు, ఎంత తిన్నారో గుర్తు కూడా ఉంచుకోరు. కాసేపటికే మళ్లీ ఏదో ఒకటి తినాలనిపిస్తుంది. మాట్లాడుతూ తినేవారు ముద్దకూ ముద్దకూ నడుమ ఆగుతారు.

కలిసి తినడంలో నాకు అన్నిటికంటె ఆసక్తి కలిగించే విషయం కాకరకాయది. చిన్నపిల్లలకు చేదు పడదు. ప్రకృతిలో విషపదార్థాలు చాలావరకు చేదుగా ఉంటాయి కాబట్టి ఆ అయిష్టం పుట్టుకతో వచ్చిన రక్షణ. మరి పెద్దయ్యాక కాకరకాయ పులుసు లొట్టలేసుకుంటూ ఎలా తింటున్నాం? 1980లో లియాన్ బర్చ్ అనే శాస్త్రజ్ఞురాలు బడికి ఇంకా పోని చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేసింది. ఒక కూరగాయ నచ్చని బిడ్డను, అదే కూరగాయను ఇష్టంగా తినే ముగ్గురు నలుగురు పిల్లల పక్కన నాలుగు రోజులు భోజనానికి కూర్చోబెట్టింది. తినమని ఎవరూ బలవంతం చేయలేదు, మెచ్చుకోనూ లేదు. మొదటి రోజు ఆ బిడ్డ తనకు నచ్చినదే తీసుకుంది. నాలుగో రోజుకు పక్కవారు తినేదే తీసుకుంది. కొన్ని వారాల తరువాత చూసినా ఆ మార్పు నిలిచే ఉంది.

మీ తాత జొన్నరొట్టెను చింతచిగురు పప్పులో ముంచుకొని తినడం రోజూ చూసిన మనవడికి అది "ముసలివాళ్ల తిండి" కాదు, తిండి. తాత ఒక గదిలో, మనవడు నూడుల్స్ గిన్నెతో ఇంకో గదిలో తింటే ఆ పాఠం జరగదు.

బొమ్మల్లో కనిపించిన పళ్లెం

ఇంతవరకు కడుపు గురించి చెప్పుకున్నాం. పిల్లల మనసులో ఏముందో ఎలా తెలుస్తుంది? అడిగితే "బాగానే ఉంది" అంటారు. జపాన్‌లో పోషకాహార నిపుణురాలు అదాచి మియుకి ఒక తెలివైన ఉపాయం చేసింది. 1980ల మొదట్లో అక్కడి జాతీయ ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె.తో కలిసి, దేశంలోని ప్రాథమిక పాఠశాల పిల్లలను వారి వారి భోజనం బొమ్మ గీయమంది. ఏం తిన్నారో, ఎవరితో తిన్నారో బొమ్మలోనే తెలిసిపోతుంది కదా. కొన్ని బొమ్మల్లో బల్ల చుట్టూ ఇల్లంతా ఉంది. కొన్నిట్లో పెద్ద బల్ల, ఒక గిన్నె, ఒక్క బిడ్డ. ఆర్థికంగా దూసుకుపోతున్న దేశం ఆ బొమ్మలు చూసి ఉలిక్కిపడింది. ఒంటరిగా తినడానికి జపాన్ భాషలో "కొషోకు" అనే మాట వాడుకలోకి వచ్చింది. 2005లో ఆహార విద్య కోసం ఒక చట్టమే చేశారు. 2012లో టోక్యో నగరంలో ఒకచోట "పిల్లల భోజనశాల" మొదలైంది. ఇంట్లో తోడు లేని పిల్లలు వచ్చి, చుట్టుపక్కల పెద్దవాళ్లతో కలిసి తక్కువ ఖర్చుతో తినే చోటు అది. ఇప్పుడు అలాంటివి ఆ దేశమంతటా వేల సంఖ్యలో ఉన్నాయి.

మనకు ఆ బాధ లేదు, మనవి ఉమ్మడి కుటుంబాలు అనుకుంటున్నారా? 2025లో వెలువడిన ప్రపంచ సంతోష నివేదికలో ఒక లెక్క ఉంది. వారానికి మధ్యాహ్నం, రాత్రి కలిపి 14 భోజనాలు. అందులో తెలిసినవారితో కలిసి తిన్నవి ఎన్ని? ఆఫ్రికాలోని సెనెగల్ ప్రజలు సగటున 11.7 అన్నారు. మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్ ప్రజలు 2.7 అన్నారు! ఒకే కప్పు కింద ఉండటం వేరు, ఒకే బంతిలో కూర్చోవడం వేరు.

మీ వయసువారి మాట కూడా విందాం. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు 1990ల చివర నుంచి హైస్కూలు పిల్లలను అడుగుతూ వచ్చారు. పదమూడు, పద్నాలుగేళ్లు దాటాక పిల్లలకు ఇంటివారితో తినడం ఇష్టం ఉండదని పెద్దలు అనుకుంటారు. కాని ఎక్కువమంది పిల్లలు తమకు ఇష్టమనే చెప్పారు. మరి ఎందుకు కుదరదు అంటే చెప్పిన కారణాలు చూడండి: సమయాలు కలవకపోవడం, తమ ఇష్టప్రకారం ఉండాలనిపించడం, వండినది నచ్చకపోవడం, ఇంట్లో వారితో పడకపోవడం. మిన్నెసోటాకూ మన సాగర్ రోడ్డుకూ పదమూడు వేల కిలోమీటర్ల దాకా దూరం ఉండవచ్చు గాని, కారణాల్లో నాకు తేడా ఏమీ కనిపించలేదు. తరచు ఇంటివారితో తినే పిల్లలు పండ్లు, కూరగాయలు ఎక్కువ తింటున్నారని కూడా వారు గమనించారు.

ఇక్కడ కాస్త జాగ్రత్త పడాలి. పత్రికల్లో "కలిసి తింటే పిల్లలకు మార్కులు ఎక్కువ, దిగులు తక్కువ" అని రాస్తూ ఉంటారు. సైన్సు విద్యార్థి వెంటనే అడగవలసిన ప్రశ్న ఒకటుంది. కప్పలు అరిచిన రోజున వాన పడుతుంది. కప్పలు అరవడం వల్ల వాన పడిందా? రోజూ కలిసి తినగలిగే ఇల్లు ఎలాంటిది? పని వేళలు సరిగా ఉన్న ఇల్లు, కాస్త డబ్బు ఉన్న ఇల్లు, కొట్లాటలు తక్కువ ఉన్న ఇల్లు. మరి పిల్లలు బాగుండటానికి కారణం భోజనమా, ఇల్లా? అమెరికాలో మ్యూజిక్, మెయర్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రజ్ఞులు 2012లో దీన్నే లెక్కగట్టారు. ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకుంటే భోజనానికి ఆపాదించిన ప్రభావంలో చాలా భాగం తగ్గిపోయింది. తరువాత 2014లో వారే ఇంకొకటి చూపించారు. పిల్లలకూ పెద్దలకూ మధ్య మంచి మాట ఉన్న ఇళ్లలో కలిసి తినడం పిల్లల దిగులును తగ్గించడంతో ముడిపడి ఉంది. మాట చెడిన ఇళ్లలో ఆ మేలు అంతగా కనిపించలేదు. కానన్ పిల్లులు ఈ సంగతి వందేళ్ల ముందే చెప్పాయి.

అన్నం దగ్గర మాటలకు మరో ప్రయోజనం ఉంది. హార్వర్డ్‌లో కేథరిన్ స్నో బృందం చిన్నపిల్లల ఇళ్లలో భోజన సమయపు సంభాషణలను టేపు చేసి విన్నది. పిల్లలకు అరుదైన కొత్త మాటలు, కథల పుస్తకాలు చదివి వినిపించేటప్పటి కంటె అన్నాల దగ్గరే ఎక్కువగా చెవిన పడుతున్నాయట. ఆలోచించండి: "మాసబ్ చెరువు అలుగు పోసినప్పుడు" అని మీ తాత మొదలుపెడితే, అలుగు, తూము, మత్తడి, కట్ట, ఆయకట్టు, ఇన్ని మాటలు ఒక్క పూటలో వస్తాయి. పొలాలు పోయి ప్లాట్లు వచ్చిన మన ఊళ్లలో ఆ మాటలు ఇంకెక్కడ వింటారు? ఇమోరీ విశ్వవిద్యాలయంలో డ్యూక్, ఫివుష్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పిల్లలకు ఇరవై ప్రశ్నలు ఇచ్చారు. మీ తాత ఎక్కడ పెరిగాడు? మీ అమ్మ ఏ బడిలో చదివింది? ఇలాంటివే. ఇంటి కథలు ఎక్కువ తెలిసిన పిల్లలకు తమ మీద తమకు నమ్మకం ఎక్కువగా ఉందని తేలింది. ఇదీ కప్పా వానా వంటిదే కావచ్చు, గుర్తుంచుకోండి.

అమ్మ ఎప్పుడు తింటుంది?

తరగతిలో "మా ఇంట్లో అందరం కలిసే తింటాం" అన్నవారిని నేను ఇంకొక ప్రశ్న అడుగుతాను. అమ్మ కూడానా? అప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడరు. "అమ్మ వడ్డిస్తది కదా సార్!"

చాలా ఇళ్లలో మగవారు, పిల్లలు తిన్నాక, గిన్నెలో మిగిలినది అమ్మ తింటుంది. అడుగున మిగిలేది పులుసు, మెతుకులు. ముక్కలు అప్పటికే అయిపోతాయి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. దీనికి ఎన్నో కారణాలుంటాయి, చివర తినడం ఒక్కటే కాదు. కాని ఇనుము, మాంసకృత్తులు ఉన్న భాగం ఎవరి కంచంలోకి పోతోందన్నది చిన్న ప్రశ్న కాదు. బీహారు, జార్ఖండు, మహారాష్ట్రలలో సేకరించిన వివరాలతో 2021లో ఒక పరిశోధన ప్రచురించారు. మగవారి తరువాత తినే స్త్రీలలో మనసు కుంగుబాటు ఎక్కువగా ఉందని, పేదరికం వంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదని అందులో ఉంది.

గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకొని ఎవరికి వారు వడ్డించుకోవడానికి ఎనిమిదో తరగతి చదివే చేతులు సరిపోతాయని నా అభిప్రాయం.

ఎవరితో కలిసి తింటాం అన్నది ఇంటితో ఆగే విషయమూ కాదు. ఒకప్పుడు మన దేశంలో కులం వేరైతే ఒకే బంతిలో కూర్చోనిచ్చేవారు కారు. 1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ అనే యువకుడు వేరువేరు కులాలవారిని కూర్చోబెట్టి సహపంక్తి భోజనం పెట్టినందుకు ఆయన్ను వెలివేశారు. పక్కన కూర్చోవద్దనడం ఎంత పెద్ద అవమానమో, కూర్చోమనడం ఎంత పెద్ద గౌరవమో ఆ సంఘటనే చెబుతుంది. 2001లో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టడం మొదలైంది. తరువాత హైస్కూళ్లకూ వచ్చింది. వరండాలో వరుసగా కూర్చొని కంచాలు చప్పుడు చేసే ఆ అరగంటను కొందరు పెద్దలు గోల అంటారు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తే నాకది గోల అనిపించదు.

అందువల్ల, నాన్నకు రాత్రి డ్యూటీ అనో, అమ్మ ఒక్కతే సంపాదిస్తోందనో, మీరు హాస్టల్లో ఉన్నారనో దిగులు పడనవసరం లేదు. నేను చెప్పిన ప్రయోగాల్లో ఏదీ ఇంటిల్లిపాదీ ఉండి తీరాలనలేదు. ఇద్దరున్నా చాలు. రాత్రి కుదరని ఇంట్లో పొద్దున్నే ఉప్మా దగ్గర కుదరవచ్చు, ఆదివారం మధ్యాహ్నం కుదరవచ్చు. హాస్టల్లో పక్క మంచం స్నేహితుడు ఉంటాడు.

ఇప్పుడు మీరు చేయవలసిన పని ఒకటి చెబుతాను. డి కాస్ట్రో చేయించినట్లే ఒక నోటుపుస్తకంలో ఏడు రోజులు రాయండి. నిలువు గీతలు గీసి అయిదు గళ్లు చేయండి. మొదటి గడిలో తిన్న సమయం, రెండో దానిలో పక్కన ఎవరున్నారు, మూడో దానిలో ఎన్ని నిమిషాలు కూర్చున్నారు, నాలుగో దానిలో ఏం మాట్లాడుకున్నారు. చదువు, మార్కుల మాట వస్తే అక్కడ ఒక చుక్క పెట్టండి. అయిదో గడిలో తిన్నాక మీకు ఎలా అనిపించిందో ఒకటి నుంచి అయిదు వరకు ఒక అంకె వేయండి. ఆ అంకెను అన్నం అయిన వెంటనే వేయాలి, మరునాడు ఆలోచించి వేస్తే పనికిరాదు. వారం చివర ఆ అంకెలను రెండో గడితో, చుక్కలతో పోల్చి చూడండి. ఏడు రోజుల లెక్కతో ఏదీ రుజువు కాదు, కాని మీ ఇంటి సంగతి మీకు కొంత తెలుస్తుంది.

పుస్తకం చివరి పేజీలో అమ్మ తిన్న సమయం కూడా రాయండి. "నేను తర్వాత తింటలే" అన్నది జవాబు కాదు. ఆమె కంచం ముందు కూర్చున్నప్పుడు గడియారం చూసి వేయండి.